తొమ్మిదో గడి

మా ఇంటి ముందు ఐదు మెట్లున్నాయి. ఒక్కో మెట్టూ ఒకే రాయి. నూటపదేళ్లుగా జనం ఎక్కీ దిగీ నడిమధ్య పళ్లెంలా అరిగిపోయాయి. వాటిని మార్చకూడదు, కప్పకూడదు, రంగు వేయకూడదు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ పాతకూడదు. మా వీధి మొత్తం వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. ఎప్పుడో ఒక మిల్లు వాళ్లు తమ గుమస్తాల కోసం ఒకే అచ్చులో పోసినట్టు కట్టించిన నలభై ఇళ్లు, మాది పదకొండోది. ముందువైపు గోడకు మేకు కొట్టాలన్నా ఒక ఫారం నింపాలి. ఆ ఫారం తయారుచేసింది మా ఆయనే.

ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, ఫిర్యాదుగా చెబుతున్నాను. ఆయన డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూనే ఇరవై రెండేళ్లు వీధి పరిరక్షణ సంఘానికి సెక్రటరీగా ఉన్నారు. నలభై ఇళ్లనూ టేపుతో కొలిచి, బొమ్మలు గీసి, జాబితాలోకి ఎక్కించారు. టేపు రెండో కొస పట్టుకున్నది నేను. ఆ సంగతి ఏ ఫైల్లోనూ కనిపించదు. వారసత్వ కార్యాలయం వాళ్లకు ఆయన ఫారం ఎంత నచ్చిందంటే, దాన్నే అచ్చు వేయించి ఊరంతటికీ పంచారు. అందువల్ల మాకు తెలియని జనం కూడా మమ్మల్ని తిట్టుకునేవాళ్లు.

అందులో తొమ్మిదో గడి ఇలా ఉంటుంది: ‘తాత్కాలిక మార్పు అయితే, అవసరం ఎన్ని రోజులు? అంకెల్లో మాత్రమే రాయాలి.’ ఎదురింటి దర్జీ ఒకప్పుడు అక్కడ ‘కొన్నాళ్లు’ అని రాసి, గుమ్మం మీద రేకు పందిరి వేసుకున్నాడు. ఆ కొన్నాళ్లు పదకొండేళ్లు నడిచాయి. పందిరి ఊడదీయించిన మర్నాడే మా ఆయన ‘అంకెల్లో మాత్రమే’ అన్న మాట చేర్చారు. తొంభై లోపు అంకె వేస్తే స్థానిక ఆఫీసరు తన బల్ల దగ్గరే సంతకం చేసి ఇచ్చేయొచ్చు. ఒక్క రోజు దాటినా శాశ్వతం కింద లెక్క, పెద్ద కమిటీకి వెళ్తుంది. పెద్ద కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు మన కాగితం దాకా వస్తుందన్న పూచీ లేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

ఇంటికి తీసుకొచ్చే ముందురోజు డాక్టరమ్మ నన్ను వార్డు బయటికి పిలిచింది. నర్సు ఎవరో బకెట్టు పెట్టి నేల తుడిపిస్తోంది. తడి ఆరేదాకా ఇద్దరం గోడకు అంటుకుని నిలబడ్డాం.

“మాట కొంత మెరుగవుతుందండీ. చెయ్యి కూడా కొంచెం కదలొచ్చు. కాలు మాత్రం రాదు. నడుస్తారని మీరు ఆశ పెట్టుకోకండి,” అంది.

“మరి ఫిజియోథెరపీ ఎందుకు?”

“మానేస్తే కూర్చోవడం కూడా పోతుంది. ఎన్నాళ్లయినా వారానికి మూడుసార్లు ఇక్కడికి తీసుకురావాల్సిందే. ఆ పరికరాలు ఇంటికి రావు.”

“ఆయనకు చెప్పమంటారా?”

“చెప్పండి. కాకపోతే మెల్లగా.”

మెల్లగా అంటే ఎంత మెల్లగానో ఆవిడ చెప్పలేదు. నేల ఆరింది, ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

మర్నాడు చక్రాల కుర్చీ మా ఐదు మెట్ల కింద ఆగింది. వెనకనుంచి దారి లేదు. మా పెరటి గోడకు అవతల ఇంకో వీధి వాళ్ల పెరటి గోడ. మా మరిది, దర్జీ, వడ్రంగి మేస్త్రీ, బండి తోలుకొచ్చిన మనిషి, నలుగురూ కలిసి కుర్చీతో సహా ఆయన్ని ఎత్తారు. మూడో మెట్టు మీద మరిది నడుం పట్టేసింది. కుర్చీ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆయన చేతికి అందిందల్లా దర్జీ మెడే. దాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నారు.

“సెక్రటరీగారూ, మెడ! మెడ! మెడ కొలత తీసే పని నాదండీ, మీది కాదు!” అని దర్జీ ఊపిరాడక అరిచాడు.

ఎలాగో లోపలికి చేర్చారు. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టాక ఆయన కళ్లు మూసుకుని, మాట మాటా కూడదీసుకుని అన్నారు.

“ఇంక... ఎత్తొద్దు.”

“వారానికి మూడుసార్లు వెళ్లాలి కదా అన్నయ్యా,” అన్నాడు మరిది, నడుం మీద చెయ్యి వేసుకుని.

“ఎత్తొద్దు.”

“ఎత్తకుండా ఎలా? ఎగిరి వెళ్తావా?”

“వద్దు.”

పక్షవాతం ఆయన మాటల్లో మూడింట రెండొంతులు పట్టుకుపోయింది. మిగిలినవాటిలో చాలా భాగం ‘వద్దు’లే. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం తర్వాత నాకు పెద్ద తేడా తెలియలేదు.

ఆ వారం ఫిజియోథెరపీకి వెళ్లలేదు. రెండోవారం సోమవారం కూడా వెళ్లలేదు. మంగళవారం ఆయన కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కుడిపక్కకు జారిపోవడం మొదలుపెట్టారు. నేను దిండు పెట్టడం, దిండుతో సహా ఆయన జారడం. వంటింట్లో పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా నాకు చప్పున తట్టలేదు. నిలబడి చూస్తున్నాను, అంతే. ఏమీ అనిపించకుండా ఉండడం సుఖమని జనం అనుకుంటారు. దానికీ పొద్దున్నే లేవాలి, స్టవ్ తుడవాలి.

బుధవారం వారసత్వ కార్యాలయానికి కబురు పెట్టాను. ఆఫీసరమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. చెప్పులు బయట విడిచి, మెట్ల అంచున నడుచుకుంటూ, అరిగిన చోట కాలు పెట్టకుండా పైకి వచ్చింది. ఆయన దగ్గర శిక్షణ తీసుకున్న పిల్లని అక్కడే తెలిసిపోయింది.

“ర్యాంపు పెట్టుకోవచ్చు ఆంటీ. చెక్కతో చేయించండి. రాతికి మేకు తగలకూడదు, సిమెంటు పడకూడదు, తీసేశాక ఆనవాలు మిగలకూడదు. ఎదురింటివాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఇంటి యజమాని సంతకం ఎలాగూ ఉండాలి.” ఫారం తీసి ఇచ్చి గొంతు తగ్గించింది. “తొమ్మిదో గడి ఒక్కటే... తొంభై దాటితే నా చేతిలో ఉండదు. సార్ ఎప్పటికి నడుస్తారన్నారు?”

“తొంభై రోజులన్నారు,” అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. తర్వాత సిగ్గుపడి చెప్పింది. “సారీ ఆంటీ. ఆ గడి నింపుతున్నప్పుడు మనిషి ముఖం చూడాలని సారే చెప్పారు. అలవాటైపోయింది.”

ఏం కనిపించిందో నాకు తెలియదు. నాకైతే అద్దంలో అప్పటికి రెండువారాలుగా ఏమీ కనిపించడం లేదు, జడ వేసుకోవాల్సిన తల తప్ప.

ఫారం పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. దర్జీ మెడకు తువ్వాలు చుట్టుకుని మిషను ముందు కూర్చున్నాడు.

“రా చెల్లెమ్మా. ఏంటిది? అభ్యంతరమా? నన్నే అడుగుతున్నారా?” అని కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు. “మెట్లు పూర్తిగా కప్పేసి, కాలిబాట మీదికి పదిహేను అడుగులు! ఇంకాస్త సాగదీస్తే నా గుమ్మంలోకే వచ్చేస్తుంది. నేరుగా వచ్చి చొక్కా కుట్టించుకెళ్లొచ్చు.”

“సంతకం పెడతావా అన్నయ్యా, పెట్టవా?”

“ఉండమ్మా. పదకొండేళ్ల పందిరి పీకించిన మనిషి నా సంతకం కోసం కాగితం పంపాడు. కాసేపు చేతిలో పట్టుకోనీ.” కాసేపు పట్టుకున్నాడు. “‘అభ్యంతరం ఉంది, అయినా పెట్టుకోండి’ అని రాయొచ్చా?”

“రాయకూడదు. అవును, కాదు, అంతే.”

“అంతేలే. ఆయన ఫారమే కదా.” ఎండకు పందిరి లేక తెల్లబారిన తన గుమ్మం వైపు ఒకసారి చూసి, సంతకం పెట్టేశాడు. “తొంభై రోజులా? నిజంగానా?”

“నిజంగానే.”

“మంచిదే. మనిషి గట్టివాడు,” అన్నాడు మెడ తడుముకుంటూ.

మిగిలింది యజమాని సంతకం. మా ఆయన ఫారాన్ని మొదటి గడి నుంచి చదివారు. ఇంటి నంబరు, కట్టిన సంవత్సరం, మార్పు కొలతలు. నేను ‘చెక్క’ అని రాస్తే, ఏ చెక్క అని అడిగారు. రాశాను. తొమ్మిదో గడి దగ్గర వేలు ఆగింది.

“డాక్టరు... చెప్పిందా?”

“ఊఁ.”

“తొంభై?”

“తొంభై.”

ఆయన ముఖం మొదటిసారి విప్పారింది. ఎడమ చేత్తో సంతకం పెట్టారు. ఇరవై రెండేళ్లు వీధి జనం వేసిన దొంగ అంకెలన్నీ ఇట్టే పట్టేసిన మనిషి నా అంకెను పట్టుకోలేదు. వేరే కాగితం మీదో, నోటితోనో చెప్పి ఉంటే పదిసార్లు తిప్పి తిప్పి అడిగేవారు. కానీ అది తొమ్మిదో గడిలో ఉంది. తన ఇంట్లోంచి వెళ్లే ఫారంలో ఆ గడిలో ఉత్త అంకె ఉంటుందన్న ఊహే ఆయనకు లేదు. నాకు ఆ క్షణంలో తప్పు చేసినట్టు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. సిరా ఆరిందా లేదా అని చూశాను.

మేస్త్రీ గొణుక్కుంటూనే పని మొదలుపెట్టాడు. “ఒక్క మేకు లేకుండా అంటే ఎలాగమ్మా? గాల్లో నిలబడాలా?” ఆయన కిటికీలోంచి ఒక్కో మాటా చెప్పారు: ఇసుక సంచులు, రబ్బరు పట్టీలు, చెక్కకూ చెక్కకూ మధ్య బోల్టులు. మూడోరోజుకు మెట్ల మీద చెక్కదారి పరుచుకుంది. వాలు ఎక్కువే; పైకి రావాలంటే ఇద్దరు తోయాలి, కిందికి వెళ్లాలంటే ఇద్దరు ఆపాలి. అయినా ఎవరూ ఎత్తలేదు. గురువారం పదింటికి ఆయన్ని కిందికి దింపాం. రోడ్డు మీదికి వచ్చాక ఆయన వెనక్కి తిరిగి మెట్లు ఉండాల్సిన చోటును చూసి, “తొంభై,” అన్నారు. మెట్లకే మాట ఇచ్చినట్టు.

అక్కడి నుంచి ఆ అంకెను ఆయన సొంతం చేసుకున్నారు. క్యాలెండరులో రోజుకో గీత, ఎడమ చేత్తో. ఫిజియోథెరపీ గదిలో రెండు కడ్డీల మధ్య నిలబెడితే, అక్కడి అబ్బాయి ఐదు నిమిషాలు చాలంటే, ఈయన పది అనేవారు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయేది. కుడికాలు తనకు సంబంధం లేనట్టు వేలాడుతూ ఉండేది.

“సార్‌కి పట్టుదల ఎక్కువండీ. అసలు ఇంత పట్టుదల...” అని ఆ అబ్బాయి నా వైపు తిరిగి, నా ముఖం చూసి, తువ్వాలు మడతపెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దర్జీ కనిపిస్తే ఆయన పలకరింపుగా ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చెప్పేవారు.

“ముప్పై... ఎనిమిది.”

“నేనడిగానా సెక్రటరీగారూ? అరవై తీసుకోండి, నాకేంటి?”

“రూల్... రూలే.”

“పక్షవాతం మాటలన్నీ తీసుకుపోయి ఈ ఒక్క మాట ఎందుకు వదిలిందో!” అని దర్జీ నెత్తి కొట్టుకునేవాడు. ఆయన నవ్వేవారు. నోరు ఒకవైపే నవ్వేది.

మరిదికి సంగతంతా తెలుసు. డాక్టరమ్మ దగ్గరికి ఒకసారి తనే వెళ్లి కనుక్కుని వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, నేను కూరగాయలు తరుగుతుంటే చిన్నగా అడిగాడు.

“వదినా, ఎప్పుడు చెబుతావ్?”

“చెబుతాను.”

“అన్నయ్య మేస్త్రీకి తేదీ కూడా ఇచ్చేశాడు. ఫలానా రోజు పొద్దున్నే వచ్చి విప్పెయ్యమని.”

“విన్నాను.”

“మరి?”

“నువ్వు చెప్పరాదూ?”

వాడు తలుపు గడియ మీద గోటితో గీకాడు. “నాకు నడుం నొప్పి వదినా,” అన్నాడు చివరికి. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నేను మళ్లీ తరగడం మొదలుపెట్టాను.

చెబుదామనే అనుకున్నాను. పొద్దున కాఫీ ఇస్తూ అనుకునేదాన్ని, అప్పటికి ఆయన క్యాలెండరు ముందు ఉండేవారు. స్నానం చేయిస్తూ అనుకునేదాన్ని, సబ్బు కళ్లలో పడేది. ఎండలు ముదిరి, తగ్గుముఖం పట్టాయి. నా పనులు నేను చేసుకుంటూ పోయాను. గీతలు వాటంతట అవి పెరిగాయి.

తొంభయ్యో రోజు మేస్త్రీ ఎనిమిదింటికే వచ్చాడు. గంటలో చెక్కలన్నీ విప్పి, గోడ పక్కన పేర్చాడు. ఇసుక సంచులు తీసి ఊడ్చాడు. మెట్లు ఐదూ కొత్తగా కడిగినట్టు బయటపడ్డాయి. ఆయన ఇస్త్రీ చొక్కా వేయించుకుని, గుమ్మంలో కుర్చీలో కూర్చున్నారు. పక్కన నాలుగు కాళ్ల చేతికర్ర. వెనక మరిది. ఆఫీసరమ్మాయి కెమెరా తెచ్చుకుని కింద నిలబడింది.

“సార్, కొంచెం లోపలికి జరుగుతారా? యథాస్థితి ఫోటో కదా, ముందుభాగం ఖాళీగా ఉండాలి.”

“ఊఁ. జరగాలి,” అన్నారాయన. ఎడమ చేత్తో చక్రం తిప్పుకుని, తానే వెనక్కి జరిగారు. ఆ పిల్ల నాలుగు ఫోటోలు తీసుకుంది. మెట్ల మీద వంగి చేత్తో తడిమి చూసింది. “ఒక్క గీత కూడా పడలేదు సార్,” అంది.

ఆయన మళ్లీ గుమ్మంలోకి వచ్చారు.

“కర్ర,” అన్నారు.

ఎవరూ కదల్లేదు. తనే అందుకున్నారు. మరిది ఒక చంక కింద చెయ్యి వేశాడు, రెండో పక్క నేను పట్టుకున్నాను. లేచి నిలబడ్డారు. ఎడమకాలు ముందుకు వేసి, మొదటి మెట్టు అంచున ఆనించారు. కుడికాలి కోసం ఆగారు. మేమూ ఆగాం. బరువంతా నా భుజం మీదికి వచ్చింది. మేస్త్రీ తల దించుకుని రబ్బరు పట్టీలు చుడుతున్నాడు. ఆఫీసరమ్మాయి తీసిన ఫోటోలనే మళ్లీ మళ్లీ చూసుకుంటోంది. ఎదురుగా దర్జీ మిషను ఆగలేదు. మంచిపని చేశాడు.

కుడికాలు రాలేదు.

ఆయన కూర్చోబెట్టమని తల ఊపారు. కూర్చోబెట్టాం. చొక్కా ముందుభాగం సరిచేసుకున్నారు. తర్వాత నన్ను చూశారు.

“డాక్టరు... తొంభై అంది.”

“అనలేదు,” అన్నాను.

“ఏమంది?”

“కాలు రాదంది.”

“ఎప్పుడు?”

“మిమ్మల్ని ఇంటికి తీసుకురాకముందే.”

ఆయన మెట్ల వైపు చూశారు. రాతిలో ఏ మెట్టు ఎంత లోతు అరిగిందో ఆయనకు కంఠతా వచ్చు.

“అంకె... నీదా?”

“నాదే.”

కోప్పడతారనుకున్నాను. కోప్పడితే నాకు ఏదో ఒకటి అనిపిస్తుందని కూడా అనుకున్నాను. ఆయన ఆఫీసరమ్మాయి వైపు తిరిగి ఎడమ చెయ్యి చాచారు.

“ఫారం.”

ఆ పిల్ల సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన నా చేతికిచ్చి, రాయమన్నారు. ఇంటి నంబరు, కొలతలు, చెక్క రకం. తొమ్మిదో గడి దగ్గర, “కొట్టెయ్,” అన్నారు. కొట్టేశాను. “పదో గడి. శాశ్వతం.” రాశాను. కారణం అని ఉన్నచోట ఏం రాయమంటారని అడిగాను.

“ఉన్నది... రాయి.”

‘యజమాని ఇకపై నడవలేరు’ అని రాశాను. నా చేతిరాత బాగానే వచ్చింది. ఆయన మొత్తం చదివి సంతకం పెట్టారు.

“సార్, ఇది పెద్ద కమిటీకి వెళ్తుంది,” అంది ఆఫీసరమ్మాయి. “వచ్చే ఏడాది దాకా...”

“తెలుసు.”

“అప్పటిదాకా ఏం చేస్తావన్నయ్యా?” అన్నాడు మరిది.

“లోపలే.”

“ఫిజియోథెరపీకో?”

“లోపలే... ఉంటా.”

ఆ గొంతు నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు ఎంతమంది వచ్చి ఈ ముందుగదిలో బతిమాలినా మారని గొంతు. వచ్చే ఏడాదికి దిండుతో సహా జారిపోయే మనిషిని కిటికీ పక్కన తలచుకున్నాను. ఎండాకాలమంతా ఏమీ అనిపించని నాకు అప్పుడు భయం వేసింది.

“అమ్మాయ్, ఇంకో ఫారం ఉందా?” అన్నాను.

ఇచ్చింది. నేను పై మెట్టు మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని నింపాను. ఇంటి నంబరు, కొలతలు, చెక్క రకం. తొమ్మిదో గడిలో తొంభై వేశాను. ఆ పిల్ల నా ముఖం చూడబోయి, మానుకుంది.

“ఆంటీ, ఇప్పుడే శాశ్వతమని ఒకటి ఇచ్చారు. మళ్లీ తాత్కాలికమని...”

“ఒకే మార్పుకు రెండు ఫారాలు పెట్టకూడదని ఎక్కడైనా ఉందా?”

ఆ పిల్ల ఆలోచించింది. ఫారం వెనకవైపు తిప్పి నిబంధనలన్నీ చదివింది. మరిది కూడా భుజం మీదుగా వంగి చదివాడు.

“లేదాంటీ,” అంది ఆశ్చర్యంగా.

“రాసినవాళ్లకు తట్టలేదన్నమాట,” అన్నాను.

లేచి, కాగితాన్ని అట్ట మీద పెట్టి ఆయన ముందుంచాను. ఆయనకు అంతా వినిపించింది. కాగితం వైపు చూడలేదు. తల పూర్తిగా వీధివైపు తిప్పేసుకుని, ఎదురింటి గోడలో ఇటుకలు లెక్కపెడుతున్నట్టు అక్కడే చూపు నిలిపారు. నేను కలం పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రీ చెక్కలు బండి మీదికి ఎత్తబోతుంటే మరిది చేత్తో సైగ చేసి ఆపాడు.

ఆయన తల తిప్పకుండానే ఎడమ చెయ్యి కొంచెం పైకి లేపారు. వేళ్ల మధ్య కలం పెట్టి, చివరి గీత మీదికి తెచ్చి వదిలాను. చదవకుండా సంతకం పెట్టారు. చూడకుండా పెట్టిన సంతకం కదా, గడి దాటి పక్కకు పోయింది. అయినా ఆఫీసరమ్మాయి కాగితాలు రెండూ తీసుకుని, ఎదురింట్లో దర్జీ సంతకాలు పెట్టించుకొచ్చి, సంచిలో పెట్టుకుంది.

“రేపు ఎనిమిదింటికి రా,” అన్నాడు మరిది మేస్త్రీతో.

“లోపలికి వెళ్దామా? ఎండ మీద పడుతోంది,” అన్నాను ఆయనతో.

“పద,” అన్నారు.

కుర్చీని వెనక్కి తిప్పాను.